ఏకు చివర విడిచిన రెండంగుళములు

వారమునకొక వ్యాసము వ్రాసి యిత్తునని పత్రికవారికి మాట యిచ్చిన నాడు, నా చేతిలో ఎంత కాలమున్నదో నేను లెక్క వేసికొనలేదు. రాజాములో కాపురము, పాలకొండలో కొలువు. ఉదయము ఏడున్నరకు బస్సెక్కినవాడను మరల రాత్రి ఏడున్నరకు గాని ఇంటి గడప త్రొక్కను. ఆదివారమొక్కటి నాది గదా, ఆ దినమంతయు వ్రాతకు ధారపోసినచో వారమునకొక వ్యాసము ఏపాటి పని, అని తలచితిని. ఆ తలపులోని పొరపాటు తెలియుటకు నాలుగు ఆదివారములు పట్టినవి. మొదటి ఆదివారము చీపురుపల్లిలో పెండ్లి. రెండవది మేనమామగారి పెద్దకర్మ. మూడవనాడు తెల్లవారకముందే విశాఖపట్టణము నుండి చుట్టములు దిగిరి. నాలుగవ ఆదివారము ఎవ్వరును రాలేదు, నేనును ఎక్కడికిని పోలేదు. ప్రొద్దుపొడుపు మొదలు దీపాలవేళ వరకు కాగితము ముందు కూర్చుండి, పండ్రెండు వాక్యములు వ్రాసి, అందు పదునొకండు కొట్టివేసితిని.

ఆ నాలుగవ ఆదివారమే నాకు గురువైనది. మొదటి మూడింటికిని బంధువర్గముపై నేరము మోపవచ్చును గాని, దీనికి ఎవరిపై మోపుదును? తీరిక లేదని అంతవరకు నేను పడిన వగపంతయు, తీరిక కోరినంత దొరకిన దినమున, వట్టిదని తేలిపోయినది. ఆరు దినములు పద్దు పుస్తకములలో మునిగియున్న మనస్సు ఏడవనాడు పిలిచినంతనే లేచి, వెనుకటి ఆదివారము తానెక్కడ ఆగినదో అక్కడికి వచ్చి నిలువదు. దారి వెదకికొనుచు వచ్చుసరికి మధ్యాహ్నమగును. వచ్చిన పిదపనైనను కొంతసేపు తాను వ్రాసిన వాక్యమునే పరాయివాని వాక్యమువలె తేరిపార చూచును. ఆ చూపు పరిచయముగా మారునప్పటికి సూర్యుడు అస్తమించును. ఒక దినపు పనిని మరుదినపు పనితో కలుపు అతుకు నాకు చేతకాకుండెను. గంటల కొరత అంతా దాని తరువాతిదే.

ఆ అతుకు సంగతి నాకు పొందూరులో తెలిసినది. పొందూరు మాకు దూరము కాదు. అక్కడ మా పెద్దమ్మ, డెబ్బది యేండ్లు దాటిన వయస్సున, నేటికిని రాట్నము ముందు కూర్చుండి సన్ననూలు వడకుచున్నది. పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువాడుండడు గాని, ఆ నూలు కదురెక్కుటకు ముందు ఎంత పని గడవవలెనో కన్నులార చూచినవారు కొలదిమందియే. పత్తిలో చిక్కుకొన్న ఆకు నలుసులను చేతితో ఏరుదురు. వాలుగ చేప దవడ యెముకను దువ్వెనగా పట్టి, దాని సన్నని పండ్ల వరుసతో పోగులన్నియు ఒక వైపునకు తీరునట్లు దువ్వుదురు. పీటపై కడ్డీ దొర్లించి గింజ వేరు చేయుదురు. వింటి నారితో దూదిని మీటి మీటి మంచుతునకవలె విప్పుదురు. దానిని ఏకులుగా చుట్టి, నలగకుండ ఎండిన అరటి పట్టలో పొదివి ఉంచుదురు. ఇంత జరిగిన పిదప గాని రాట్నము తిరుగదు. నూరు కౌంటు నూలని వారు సులువుగా అను మాటకు అర్థమేమనగా, ఒక్కొక్కటి 840 గజముల పొడవు గల చిలపలు నూరు కలిసి ఒక పౌను బరువు తూగుట. అనగా పౌను దూది 84,000 గజముల దారమై, దాదాపు 77 కిలోమీటర్ల మేర సాగుట. అంత సన్నని దానిని ఒక్క కదురుపై, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, ఆమె యంత్రసహాయము లేకుండ తీయుచున్నది.

ఇంతటి పనికి ఆమెకు ప్రత్యేకమైన వేళ యనునది ఏనాడును లేదు. ఒకనాడు ప్రొద్దుటినుండి ఆమె చెంత కూర్చుంటిని. చోడి అంబలి కాచి వచ్చి కూర్చున్నది, కుళాయి నీళ్ళు వచ్చినవని లేచినది, మరల కూర్చున్నది, మనుమరాలికి జడ వేయవలెనని లేచినది, ఇంటి ముందుకు కూరలామె వచ్చినదని, దూడ కట్టు త్రెంచుకొన్నదని, పొరుగింటివారు పిలిచిరని — మధ్యాహ్న భోజనము లోపల పదునొకండు మారులు లేచుట నేను లెక్కించితిని. లేచినప్పుడెల్ల ఆమె చేయి ఒకే పని చేయుచుండెను: ఏకును చివరంట వడకక, కొంత మేర వదులుగా దూదిగానే విడిచి, దానిని కదురు ప్రక్క ఆనించి పోవుచుండెను. తిరిగి వచ్చి కూర్చున్న క్షణముననే రాట్నము తిరుగుచుండెను. వెదకుట లేదు, సవరించుట లేదు, ఎక్కడ ఆపితినా అని తలచుకొనుట లేదు. అట్లు విడుచుట ఎందులకని అడిగితిని.

“ఏకుని సివరికంటా లాగీసినావంటే పురి సివరిదాకా ఎక్కిపోతాది నాయినా. పురెక్కిన కాడ కొత్త ఏకు పట్టదు. రెండంగులాలు ఒదులుగా ఒగ్గీయాల. అప్పుడు కొత్త ఏకు దాని మీన పెడితే సాలు, అదే అల్లుకుంటాది,” అన్నది.

“మరి మధ్యలో తెగిపోతే, పెద్దమ్మా?”

“తెగితే ఏటయ్యింది? తెగిన కాడ అతుకుతాది. పూర్తయిపోన కాడే అతకదు.”

ఆ మాట చేతబట్టుకొని రాజాము వచ్చితిని. నా రోగము నాకు తెలిసిపోయినది. నేను వ్రాతకు కూర్చున్నప్పుడెల్ల, చేయి చిక్కిన ఆ కొద్దిసేపటిలోనే, ఒక పేరాను చక్కగా ముగించి, చుక్క పెట్టి, తృప్తిపడి లేచుచుంటిని. ముగిసిన పేరాకు మరుసటి దినపు మాట అంటుకొనుటకు పట్టు ఉండదు. పురి చివరంట ఎక్కిపోయినది. నాటినుండి వ్రాత నిలుపవలసిన చోటు మార్చుకొంటిని. ఇప్పుడు నేను రాత్రి ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదింబావు వరకు, ముప్పావు గంట మాత్రమే వ్రాయుదును. గడియారము తొమ్మిదింబావు చూపగనే, వాక్యము నడుమనున్నను, దాని తరువాతి మాట నాలుకపై ఆడుచున్నను, కలము మూసి లేచిపోవుదును. మొదటి దినములలో ఇది ఎంతో బాధగా నుండెను; ఊపు మీదనున్న ఎద్దునకు కాడి విప్పినట్లుండెను. కాని మరునాడు రాత్రి, పద్దులతో తల వాచి యింటికి వచ్చినవాడను, ఆ సగము వాక్యమును చూచినంతనే తక్కిన సగమును వ్రాసివేయుదును; వ్రాసిన పిదప చూచుకొందును గదా, నేను అప్పటికే పనిలో నున్నాను. ఆరు రాత్రుల ముప్పావుగంటలు కలిపిన నాలుగున్నర గంటలు. ఆదివారమున నాకున్న పది గంటలలో పండ్రెండు వాక్యములు వ్రాసి పదునొకండు కొట్టివేసిన చేయి, ఈ నాలుగున్నర గంటలలో వ్యాసము పూర్తి చేసి ఒకమారు సాపు ప్రతియు తీయసాగినది.

బస్సులో నేను వ్రాయను. కొందరు మిత్రులు బస్సులోని కాలమంతయు వృథా పోవుచున్నది గదా, ఫోనులో టైపు చేసికొనరాదా అందురు. ప్రయత్నించి మానివేసితిని. ఆ దారి కుదుపులలో వ్రేలికి అక్షరము చిక్కకపోవుట ఒక కారణము గాని, అసలు కారణము వేరు. రాజాము నుండి పాలకొండ పోవు దారిలో ఉదయమున నా మనస్సు తేటగా నుండును. అంతటి తేటను అక్షరములు కూర్చుట అను మోటుపనికి ఖర్చు చేయుట నష్టము. అప్పుడు ఒక్క ప్రశ్న మాత్రము మనస్సులో పెట్టుకొని కూర్చుందును: నిన్న విడిచిన చోటు తరువాత రావలసినదేమి? సంకిలి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు పోవు కాలములో ట్రాక్టర్ల బారు వెనుక బస్సు నడక మందగించిన దినములలో ఈ ప్రశ్నకు మరింత వ్యవధి దొరకును. ఆ వ్యవధికి నేను లోలోపల సంతసింతును. సాయంకాలపు బస్సులో నాకు ఆలోచించు శక్తి ఉండదు, అందుచే ఆ వేళ ఆలోచింపను. ఇతరుల రచన చదువుదును, లేక ప్రక్కనున్న రైతును ఈ యేడు గోగు ఎందుకు వేయలేదని అడుగుదును. మనకున్న గంటలన్నియు ఒక్క జాతివి కావు. తేట గంటలు కొన్ని, బరువు గంటలు కొన్ని. బరువు గంటలో కూర్చుండి తేట పని చేయబోయి, చేతకాక, తనకు ప్రతిభ లేదని వగచిన వ్రాతగాండ్రను నేనెరుగుదును. వారికి కావలసినది రాత్రి పని ఉదయమునకును, ఉదయపు పని రాత్రికిని మార్చుకొనుట మాత్రమే.

రాజాము 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళము జిల్లా నుండి విజయనగరము జిల్లాకు మారినది. కాగితముపై చిరునామా మారినను, ఈ రెండు జిల్లాల వ్రాతగాండ్రను నా వారనుకొను హక్కు నాకు దానివలన రెట్టింపైనదని నేను భావింతును. కొలువు చేయుచు వ్రాసినవారి చరిత్రయే ఈ ప్రాంతపు సాహిత్య చరిత్ర యన్నచో అతిశయోక్తి గాదు. శ్రీకాకుళములోని కథానిలయమను కథల గ్రంథాలయమునకు పోయి, ఆ పాత పత్రికల బైండు సంపుటముల నడుమ ఒక గంట నిలిచినప్పుడు నాకు కలిగిన భావమిది: ఈ బీరువాలలోని కథలలో ఎక్కువ భాగము ఎవరో బడిపంతులు బడి విడిచిన తరువాత, ఎవరో గుమాస్తా కచేరీ మూసిన తరువాత, ఎవరో ప్లీడరు కక్షిదారులను పంపివేసిన తరువాత, ఎవరో గృహిణి పొయ్యి ఆర్పిన తరువాత వ్రాసినవి. తీరిక గలవారి కొరకే సాహిత్యము వేచియుండినచో ఆ భవనములో ఒక అర కూడ నిండదు.

ఆ నిలయమును 1997లో నెలకొల్పిన కాళీపట్నం రామారావు మాష్టారే ఇందుకు మేలి నిదర్శనము. 1924లో మురపాకలో జన్మించి, విశాఖపట్టణమున సెయింట్ ఆంథోనీ పాఠశాలలో మూడు దశాబ్దములు పిల్లలకు లెక్కలు చెప్పిన ఆ పెద్దమనిషి, పేరు గడించిన కథకులలో మిక్కిలి తక్కువ వ్రాసినవారిలో నొకరు. నడుమ కొన్ని యేండ్లు కలమే ముట్టక, మరల 1960ల దశకములో ‘యజ్ఞం’తో వచ్చిరి. ఆ మౌనమును బద్ధకమని ఎవ్వరనగలరు? బడిలో దినమంతయు గడిపినవాడు తన కథకు ఎంతకాలము పట్టునో అంతకాలమును దానికి ఇచ్చినాడు. దానిని తొందరపెట్టలేదు, తాను తొందరపడలేదు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చిన తరువాత తన కథలను మరింతగా ప్రచారము చేసికొనుట మాని, ఇతరుల కథలను చేర్చి భద్రపరచుటకు మిగిలిన జీవితమును వినియోగించెను. తన కాలమునుండి ఇతరుల వ్రాతకు కూడ ఒక వాటా తీసి యిచ్చుట, వ్రాతగాని కాలవిభజనలో చేరవలసిన పద్దని ఆయనను చూచి తెలిసికొంటిని. నేను సాయంకాలపు బస్సులో చదువుట ఆ పద్దు క్రిందనే.

గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి ఇంకను ఆశ్చర్యకరము. పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, ఆ కొండలలోని సవరల భాష నేర్వవలెనని సంకల్పించి, సవర తెలిసిన మనిషిని ఇంటనే ఉంచుకొని, బడి వేళలు పోగా మిగిలిన కాలముతో ఆరంభించిన ఆ పని, 1931లో సవర వ్యాకరణముగాను, 1938లో నిఘంటువుగాను అచ్చు చూచునప్పటికి ఆయనకు డెబ్బది యైదేండ్లు. 1863లో పుట్టి 1940లో దివంగతుడైన ఆ మహనీయుడు, మరి రెండేండ్లు ఆలస్యమైనచో ఆ నిఘంటువును తన చేత పట్టుకొని చూడకయే పోయెడివాడు. దినమునకొక మాట చొప్పున పోగు చేసినవానికి నలుబదేండ్లలో ఒక భాష చేతికి వచ్చినది. ఆయన ఆదరించినది వాడుకలోని నోటిమాట. నా చేతికి అలవడిన పలుకుబడి వేరైనను, మా పెద్దమ్మ మాటలను దిద్దక ఆమె పలికినట్లే పైని ఉంచుట ఆయనపై గౌరవము చేతనే.

దూరదేశపు వ్రాతగాండ్రలో ఈ విషయమై తరచుగా చెప్పబడువాడు ఆంథొనీ ట్రోలప్ అను ఆంగ్ల నవలాకారుడు. తపాలా శాఖలో ఉద్యోగము చేయుచు, ఉదయము అయిదున్నరకు బల్ల ముందు కూర్చుండి, గడియారము ఎదుట పెట్టుకొని, పావుగంటకు 250 మాటల వంతున వ్రాసెడివాడు. ఎనిమిదిన్నరకు లేచి కొలువునకు పోయెడివాడు. నలుబదికి పైగా నవలలు వ్రాసెను. ఆయన క్రమశిక్షణకు నేను నమస్కరింతును. కాని ఆయన స్వీయచరిత్రలో నా దృష్టిని నిలిపివేసిన వివరము మరియొకటి గలదు. తన్ను ప్రాతఃకాలమున మేల్కొలిపి కాఫీ తెచ్చి యిచ్చుటకు ఒక ముసలి సేవకునికి ఏటికి అయిదు పౌనులు అదనముగా ఇచ్చుచుండెననియు, తన విజయమునకు అందరికంటె అతనికే ఎక్కువ ఋణపడి యున్నాననియు ట్రోలప్ స్వయముగా ఒప్పుకొనెను.

ఆ వివరము చదివిననాడు, నా ముప్పావుగంటకు ఎవరు వెల యిచ్చుచున్నారని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. రాత్రి ఎనిమిదిన్నరకు నేను తలుపు ఓరగా వేసికొని కూర్చున్నప్పుడు, ఇంటిలో పని ఆగదు. పిల్లవాని చదువు, పాలు తోడు వేయుట, మరునాటి కూరలు, అంట్లు — ఇవన్నియు ఆ ముప్పావుగంటలోనే, గోడకు ఆవలి ప్రక్కన, నా భార్య చేతులమీదుగా జరిగిపోవుచున్నవి. నాకు కాలము ‘దొరకినది’ అని నేను అనుకొన్నదంతయు ఆమె కాలమునుండి తీయబడినది. ఈ సంగతి నాకు తోచుటకు రెండేండ్లు పట్టినందుకు చింతించుచున్నాను. ఇప్పుడు తొమ్మిదింబావుకు లేచినవాడను అంట్లు తోముదును. ఉదయమున పిల్లవాని పెట్టె సర్దుట నా వంతు. మంగళవారము రాత్రి నేను వ్రాయను, ఆ రాత్రి ముప్పావుగంట ఆమెది. ఆమె దానిని ఏమి చేసికొనునో నేను అడుగను. ఒకనాడు చదువుకొన్నది, చాల దినములు నిద్రించినది. ఆరు రాత్రులు అయిదైనవి. వ్యాసము కొంచెము పొట్టిదైనది, దానివలన దానికి హాని యేమియు కలుగలేదు.

చివరకు ఒక తప్పు చెప్పుకొనవలసి యున్నది. మూడు నెలల క్రిందట, కొలువులో లెక్కల తనిఖీ వచ్చిన వారమున, పొందూరు నూలు మీదనే ఈ శీర్షికలో ఒక వ్యాసము వ్రాసితిని. పండుగలకును, తనిఖీలకును ముందుగా ఒకటి రెండు వ్యాసములు గాదెలో గింజలవలె వ్రాసి ఉంచుకొనుట నా అలవాటు. ఆ మాసమున గాదె ఖాళీ. ఉన్న గంటలన్నియు వ్రాతకే పెట్టితిని. అడుగుటకు, చూచుటకు, ఏరుటకు గంట కూడ పెట్టలేదు. దూది దువ్వకుండ వడకబోయితినన్నమాట. చూచినదే గదా అను ధీమాతో, గింజ తీసిన దూదిని వాలుగ దవడతో దువ్వుదురని వ్రాసి పంపితిని. అచ్చయినది. ఎవ్వరును తప్పు పట్టలేదు.

గత మాసమున ఆ పత్రిక తీసికొని పొందూరు పోయి పెద్దమ్మకు చదివి వినిపించితిని. ఆమె వడకుచునే వినుచుండెను. ఆ వాక్యము వచ్చుసరికి రాట్నము ఆగినది. ఇంటి పని పిలువకుండ ఆమె రాట్నము ఆపగా నేను చూచుట అదే మొదలు.

“గింజ తీసీసినాక దువ్వితే దూది సేతిలోన నిలుత్తాదేటి నాయినా? గింజే కదా దాన్ని పట్టుకున్నాది. గింజ ఉండగానే దువ్వాల. అటుతరవాతే గింజ తియ్యాల.”

ఆ మాట అంత స్పష్టము. గింజ పోగులను మొదలున పట్టి ఉంచును గనుకనే దవడ పండ్లు వానిని సాపు చేయగలవు. పట్టు విడిచిన దూదిని దువ్వినచో అది ఉండలు కట్టును, దువ్వెనకే అంటుకొనిపోవును. ఆనాడు నేను తారుమారు చేసిన వరుసను ఈ వారము పైని ఆమె చెప్పిన విధముననే వ్రాసితిని. వెనుకటి వ్యాసమును దాచుకొన్న పాఠకులెవరైన నున్నచో దయచేసి ఆ వాక్యమును దిద్దుకొనవలెను. ఆ దినమున నేను జేబులోని కలము తీసి పత్రిక అంచున ఆ సవరణ వ్రాసికొనుచుండగా ఆమె కొంతసేపు ఊరకుండి, విడిచిన దూది కొనపై కొత్త ఏకు ఆనించి, రాట్నపు పిడి మరల పట్టుకొన్నది.

“తరవాతది సదువు,” అన్నది.